సూర్యకాంతం తెచ్చిన టంకీ

ఆదిత్యపూర్‌లో జింకు పూత వేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో సూర్యకాంతం చేరినప్పుడు ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు యాభై దాటాయి. ఈ మధ్యలో యజమానులు మారారు, మేనేజర్లు మారారు, షెడ్డు రేకులు రెండుసార్లు మారాయి. ఆమె పని మాత్రం మారలేదు. ఇనప పైపులకి జింకు పట్టాలంటే ముందు వాటి తుప్పు వదలాలి, తుప్పు వదలాలంటే యాసిడ్‌లో ముంచాలి. ఆ యాసిడ్ ఎందులో నిలవ ఉండాలి, ఏ తొట్టిలోకి ఎంత దిగాలి, బలం తగ్గినదాన్ని ఎప్పుడు తోడెయ్యాలి, ఇదంతా చూసేది సూర్యకాంతమే. కాగితాల్లో ఆమె హెల్పరు. షెడ్డులో అందరూ పిలిచేది టంకీవాలీ కాంతమ్మ అని.

సోంపేట వైపు నుంచి ఈ హిందీ మాట్లాడే ఊళ్ళకి కంట్రాక్టు కూలీగా వచ్చిన ఆమె తండ్రి గోవింద్‌పూర్‌లో కాపురం పెట్టాడు. సూర్యకాంతం పుట్టిందీ పెరిగిందీ అక్కడే. తరవాత పైపుల పని చేసే బలరామ్‌ని చేసుకుని మాంగో అనే పేటకి వచ్చింది. అప్పటినుంచీ రోజూ రెండు నదులు దాటడమే. పొద్దున్నే ఆటోలో సువర్ణరేఖ వంతెన, అక్కడ మారి ఇంకో ఆటోలో ఖర్కాయి వంతెన.

యాసిడ్ ఆమెకి కొన్ని గుర్తులిచ్చింది. ఏ చీర కట్టినా నెల తిరక్కుండా కుచ్చిళ్ళ దగ్గర చిల్లులు పడేవి. ఆవిరి వల్ల ముందుపళ్ళ అంచులు అరిగి గరుకుగా తేలాయి, నాలిక తగిలినప్పుడల్లా తెలుస్తుంది. వీటితోపాటు ఒక విద్య కూడా వచ్చింది. టంకీ మూత కొంచెం పక్కకి జరిపి ముక్కు దగ్గర చెయ్యి విసురుకుంటే చాలు, లోపల ఉన్నది కొత్తదో పాతదో, బలం ఎంత ఉందో చెప్పేసేది. ల్యాబు కాగితం వచ్చాక చూస్తే పెద్ద తేడా ఉండేది కాదు.

మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో సిద్ధార్థ్ అనే కుర్రాడు మేనేజరుగా వచ్చాడు. వైజాగ్ మూలాలున్న ఇంజనీర్ల కుటుంబం. అంతకుముందు లారీ విడిభాగాలు చేసే చోట పని చేశాడు. ఇనుమూ నూనే బాగా తెలుసు, యాసిడ్ కొత్త. వచ్చిన నెలలోనే అతని మీద ఒక పని పడింది. ఆర్డర్లు పెరిగి, వాడేసిన యాసిడ్ నిలవుంచే అయిదు వేల లీటర్ల టంకీ చాలడం లేదు, దానికి రెండింతలది కావాలి. ఎవరో సేల్సుమాన్ వచ్చి స్టెయిన్‌లెస్ స్టీల్ టంకీ బొమ్మలు చూపించి పోయాడు. తుప్పు పట్టదు, పగలదు, తరతరాలుంటుందని చెప్పాడు. సిద్ధార్థ్‌కి నచ్చింది. సంతకం పెట్టే ముందు, ఎందుకనిపించిందో, షెడ్డులోకి వచ్చి సూర్యకాంతాన్ని అడిగాడు.

"కాంతమ్మగారూ, స్టీల్ టంకీ తీసుకుందామనుకుంటున్నాను. మీరేమంటారు?"

అన్నేళ్ళలో ఆమెని అలా అడిగిన మేనేజరు లేడు. సూర్యకాంతం కాస్సేపు ఆలోచించి, "సారూ, మీ టీ చెంచా ఓపాలి ఇత్తారా?" అంది.

ఆ స్టీలు చెంచాని ప్లాస్టిక్ మగ్గులో వేసి, పైన రెండు వేళ్ళ మందం యాసిడ్ పోసి, మూత పెట్టి గోడ వార ఉంచింది. మర్నాడు పొద్దున్న అతన్ని పిలిచి చూపించింది. మగ్గులో యాసిడ్ పాచి రంగుకి తిరిగింది. చెంచా మెరుపంతా పోయి బూడిద రంగుకి వచ్చింది, అంచులు కొరికినట్టున్నాయి.

"ఇది ఉప్పు యాసిడ్ సారూ. స్టీల్‌ని బతకనివ్వదు. దీనికి మందం ప్లాస్టిక్కే కావాల. లేకపోతే లోపల రబ్బరు అతికిన ఇనుము."

"అయితే ఏ యాసిడ్‌కైనా ప్లాస్టికేనా?"

"అలగ్గాదు. గంధకం యాసిడ్ ఉంది సూడండి, అది మా ఇసిత్రం. సిక్కగా ఉన్నన్నాళ్ళూ మామూలు ఇనప డ్రమ్ములో సాదువులాగ కూకుంటాది. కూసింత నీరు కలిసిందా, అదే డ్రమ్ముని తినేత్తాది. అందుకే టంకీ కొనీముందు మూడు సంగతులు అడగాల. ఏటి పోత్తారు, ఎంత సిక్కన, ఎంత ఏడి. నీళ్ళ కొలతని బట్టి టంకీ కొనకూడదు సారూ. నీళ్ళకన్నా యాసిడ్ బరువు. నీళ్ళ టంకీలో పోత్తే పొట్ట ఉబ్బుతాది."

సిద్ధార్థ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి అదంతా రాసుకున్నాడు. నెల తిరిగేసరికి మందపాటి ప్లాస్టిక్ టంకీ వచ్చింది. అది మొత్తం కారిపోయినా బయటికి పోకుండా చుట్టూ గోడ కట్టించాడు. ఆవిరి షెడ్డులోకి రాకుండా గొట్టం వేయించాడు. కొత్త టంకీ నింపిన రోజున, "మీరు చెప్పకపోతే పెద్ద తప్పే చేసేవాణ్ణి" అన్నాడు అందరి ముందూ.

ఆ మాటకి వచ్చిన ధైర్యంతోనే సూర్యకాంతం అడిగింది. "పాత టంకీ ఏటి సేత్తారు సారూ?"

"తుక్కుకి పంపించడమే."

"మా బస్తీకి ఇప్పించండి."

ఎందుకు అడిగిందో చెప్పాలంటే మాంగోలో వాళ్ళ వీధి సంగతి చెప్పాలి. ఇరవై ఆరు ఇళ్ళు. కుళాయి పొద్దున ఓ గంట వస్తుంది, వచ్చినన్నాళ్ళు. మార్చి దాటితే బోరు ఎండిపోతుంది. అప్పుడిక ట్యాంకరే గతి. ట్యాంకరు వచ్చేవేళ ఎవరికీ తెలియదు. వచ్చిందంటే బకెట్లతో పరిగెత్తాలి, పది నిమిషాలు నిలబడి వెళ్ళిపోతుంది. దానికోసం ఇంటికొక మనిషి పని మానుకుని కూర్చోవాలి. వీధి మొదట్లో ఒక పెద్ద టంకీ ఉంటే ట్యాంకరువాడు అందులో దింపేసి పోతాడు, ఎవరి వీలునిబట్టి వాళ్ళు పట్టుకోవచ్చు. రైల్వేలో చేసి రిటైరైన దుర్గాప్రసాద్ ఈ మాట ఏళ్ళ తరబడి అంటున్నాడు. వీధికి పెద్దమనిషి ఆయనే. టంకీ మాత్రం రాలేదు.

సిద్ధార్థ్ వెంటనే ఒప్పుకున్నాడు. గేటు పాసు మీద 'సూర్యకాంతంకి ఉచితంగా' అని రాసి సంతకం పెట్టాడు.

టంకీని ఫ్యాక్టరీలోనే కడిగింది. సోడా నీళ్ళతో ఒకసారి, సున్నపు నీళ్ళతో ఒకసారి, సబ్బు పెట్టి కొబ్బరి పీచుతో రెండుసార్లు. మూడుసార్లు నిండా నీళ్ళు నింపి వదిలింది. లోపలికి తల పెట్టి చూస్తే ఏ వాసనా లేదు. చిన్న ట్రక్కు మీద అది రెండు వంతెనలు దాటి వీధిలోకి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. పిల్లలు వెనక పరిగెత్తారు. కూతురు సౌజన్య ఫోనులో ఫోటో తీసి, "మా, ఇధర్ దేఖో" అని, ఇటు చూడమంటూ తల్లిని టంకీ పక్కన నిలబెట్టింది. వీధిలో మగవాళ్ళు రెండు ఆదివారాలు కష్టపడి ఇటుకలతో దిమ్మె కట్టారు. టంకీ గోడ మందం తట్టి చూసి దుర్గాప్రసాద్, "బజార్లో దొరికే టంకీలు దీని ముందు కాగితాలమ్మా" అన్నాడు.

ఎవరో ఒకామె, "యాసిడ్‌ది గదా, పరవాలేదా?" అని అడిగింది. సూర్యకాంతం ఒక బకెట్ నీళ్ళు లోపల పోయించి, తాడు కట్టిన చెంబుతో తోడించి, ఆ నీళ్ళని దోసిట్లోకి తీసుకుని అందరి ముందూ తాగింది. ఆ తరవాత ఎవరూ అడగలేదు.

ట్యాంకరు సోమవారం వస్తుందని కబురు. ఆదివారం బలరామ్ టంకీ అడుగున కుళాయి బిగించడానికి డ్రిల్లు పట్టుకుని కూర్చున్నాడు. గుండ్రటి రంపం తిరిగి తిరిగి గోడని కోసింది. వడంత బిళ్ళ ఊడి చేతిలో పడింది. బలరామ్ దాన్ని లుంగీ అంచుతో తుడిచి అటూ ఇటూ తిప్పి చూశాడు. చొక్కా జేబులో వేసుకుని మిగతా పని పూర్తి చేశాడు. ఇంటికి వచ్చాక, అన్నం తినే ముందు, దాన్ని తీసి పీట మీద పెట్టాడు.

"నీకు సూపించాలా వద్దా అని ఆలోసించేను" అన్నాడు.

బిళ్ళ బయటివైపు తెల్లగానే ఉంది. లోపలివైపు డికాషన్ రంగు. అది పైపైన అంటిన మరక కాదు. అంచుని చూస్తే తెలుస్తోంది, రంగు గోడలోకి దిగింది. మందంలో మూడోవంతు దాకా ముదురుగా వచ్చి, అక్కణ్ణించి పలచబడి తెలుపులో కలిసిపోయింది. సూర్యకాంతం చాకు తీసుకుని గీకింది. పొర లేచింది, కింద అదే రంగు. ఇంకా గీకింది. ఇంకా అదే.

గ్లాసుడు నీళ్ళలో బిళ్ళని వేసి పెట్టింది. గంట తరవాత చూసింది, నీళ్ళు తేటగా ఉన్నాయి. నీళ్ళకి రంగు వచ్చి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. తేటగా ఉన్నాయి కాబట్టే రేపు పిల్లలు తాగుతారు.

మర్నాడు పొద్దున ట్యాంకరుని రావద్దని దుర్గాప్రసాద్ చేత ఫోను చేయించి, కారణం సాయంత్రం చెప్తానని చెప్పి పనికి వెళ్ళింది. బిళ్ళని సిద్ధార్థ్ బల్ల మీద పెట్టింది. అతను దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

"నాకూ తట్టలేదండీ" అన్నాడు చివరికి. "కడిగితే సరిపోతుందనుకున్నాను."

తనతో చదువుకుని ఇప్పుడు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే స్నేహితురాలికి ఫోన్ చేశాడు. సూర్యకాంతం కూడా వినేలా స్పీకరులో పెట్టాడు. ఆ అమ్మాయి పేరు అపూర్వ. టంకీలో ఏముండేదని అడిగింది. వాడేసిన యాసిడ్ అని సూర్యకాంతమే చెప్పింది. పాత పూత ఊడదీసిన యాసిడ్‌లో జింకు ఉంటుందని, సీసం కూడా ఉంటుందని అపూర్వ చెప్పింది. గోడ తాగినది కడిగితే పోదు, నీళ్ళు నిలవ ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంది. ఎంత వదులుతుందో, ఎన్నేళ్ళు వదులుతుందో ఒక్క పరీక్షతో తేలదు. "ఆ ప్లాస్టిక్కే తాగే నీళ్ళకోసం చేసింది కాదండీ. నేనైతే మా ఇంట్లో పెట్టను" అంది.

సూర్యకాంతం షెడ్డులోకి వచ్చి కొత్త టంకీ నీడలో కూర్చుంది. ఆమెని బాధపెట్టింది సీసం సంగతి కాదు. తనకి తెలిసిన సంగతే ఇంకొకరు చెప్పాల్సి రావడం. యాసిడ్‌కి ఏ టంకీ అని మేనేజరుకి చెంచా ముంచి చూపించిన మనిషి, నీళ్ళకి ఏ టంకీ అని ఒక్క పూట ఆలోచించలేదు. యాసిడ్ అంటే భయం ఉంది కాబట్టి వంద ప్రశ్నలు అడిగింది. నీళ్ళంటే భయం లేదు, ఎందులో పోసినా నీళ్ళు నీళ్ళే అనుకుంది. పైగా ఫ్యాక్టరీలో తన మాట చెల్లిందన్న సంబరం. ఆ సంబరంలో దోసిలి పట్టి తాగి, అడిగిన ఒక్క మనిషి నోరూ మూయించింది.

సాయంత్రం దిమ్మె దగ్గర వీధంతా పోగైంది. సూర్యకాంతం బిళ్ళని చేతులు మారనిచ్చింది. ఏం జరిగిందో దాచకుండా చెప్పింది.

దుర్గాప్రసాద్ కళ్ళజోడు పైకి తోసుకుని బిళ్ళని చూశాడు. "నువ్వే తాగి చూపించావు గదమ్మా."

"తాగేనన్నయ్యా. తప్పు సేసేను."

 దుర్గాప్రసాదే ఒక దారి చెప్పాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు. "పోనీ తాగడానికి వద్దు. స్నానాలకీ బట్టలకీ వాడుకుందాం. 'తాగే నీళ్ళు కావు' అని బోర్డు రాయిస్తాను. ఇంత కష్టపడి దిమ్మె కట్టాం, టంకీ ఎదురుగా ఉంది, వేసంకాలం నెత్తిమీదుంది."

చాలామందికి ఆ మాట నచ్చింది. బలరామ్ కూడా తలూపాడు. సూర్యకాంతానికీ ఒక్క క్షణం నచ్చింది. ఆ మాటకి సరేనంటే తన పరువు సగమైనా నిలుస్తుంది, టంకీ తెచ్చిన మనిషిగానే ఉంటుంది. ఆమె దిమ్మె కేసి చూసింది. కుళాయి నేలకి జానెడు ఎత్తులో ఉంది, పసిపిల్లలకి అందేంత ఎత్తు.

"అన్నయ్యా, మే నెలలో మిట్టమధ్యాన్నం ఆడుకునొచ్చిన పిల్లడు బోర్డు సదువుతాడా? మన ఈదిలో సదువు రానోలు ఎంతమంది? దారంట పోయీవోడు కుళాయి ఇప్పి తాగడా? నీళ్ళు కనిపిత్తే తాగుతారు. నేను రోజల్లా కాపలా కూకోలేను."

"మరేం చెయ్యమంటావు?"

"కోసేత్తాను. ఊరికే తీసి అవతల పెడితే రేపు ఇంకో ఈదివోలు ఎట్టుకుపోతారు. నా పేరున ఇచ్చేరు. తెచ్చింది నేనే, కోసీదీ నేనే."

వెనకనించి ఎవరో, "ఇచ్చినట్టే ఇచ్చి నోటికాడది లాగేసింది" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ ఆమెకి వినబడింది.

బలరామ్ ఆమె మొహం చూసి, ఇంటికెళ్ళి రంపం తీసి పెట్టాడు. మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి రంపంతో కోశారు. ఒక చివర ఆమె పట్టుకుంది. మందపాటి గోడ, తొందరగా తెగలేదు, రెండు గంటలు పట్టింది. వీధిలో తలుపులు తెరిచే ఉన్నాయి, సాయం మాత్రం ఎవరూ రాలేదు. ముక్కల్ని సిద్ధార్థ్ ట్రక్కు పంపించి వెనక్కి తెప్పించాడు. ఇలాంటి చెత్తకి ఫ్యాక్టరీలో వేరే చోటు ఉంది, అక్కడ వేయించాడు.

ఆ వేసవి సూర్యకాంతానికి చాలా పొడుగ్గా గడిచింది. ట్యాంకరు వచ్చినప్పుడు ఆమె బకెట్టు వెనక్కి జరిగిపోయేది. ఎవరు జరిపారో తెలిసేది కాదు. పాత స్నేహితురాలు నూకాలమ్మ పూర్తిగా మాటలు మానేసింది. ఆమె కోడలు నిండుచూలాలు, ఆ నెలల్లో నీళ్ళు మోసింది నూకాలమ్మే.  ఒకరోజు సౌజన్య, "తుమ్ చుప్ రహ్ జాతీ తో కిసీకో పతా భీ నహీ చల్తా" అంది.

"అవును, నేను ఊరుకునుంటే ఎవులికీ తెలీదు" అంది సూర్యకాంతం. "నాకు తెల్సు గదే." కూతురు తల్లి చేతిలోంచి బకెట్టు అందుకుంది.

వానలు పడ్డాయి, బోరులోకి నీళ్ళొచ్చాయి, వీధి ఆ సంగతి కొంత మరిచిపోయింది. దసరా వెళ్ళిన వారానికి దుర్గాప్రసాద్ సూర్యకాంతం ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇంటింటా చందా వేసుకున్నారట. కొత్త టంకీ కొనాలి, వచ్చే వేసవికి ముందే.

"దుకాణానికి నువ్వు కూడా రావాలమ్మా. వాళ్ళు చెప్పేది నాకు అర్థం కాదు" అన్నాడు.

"నన్ను నమ్ముతారా అన్నయ్యా?"

ఆయన కొంచెం ఆలోచించి చెప్పాడు. "పోయినసారి నువ్వు సంతోషంగా ఉన్నావు, మాకందరికీ కూడా సంతోషంగా ఉంది. ఎవరం చూడలేదు. ఈసారి నిదానంగా చూద్దాం."

మాంగో బజారులో ఆ దుకాణంలో టంకీలు రోడ్డు మీద దాకా పేర్చి ఉన్నాయి. దుకాణదారు అన్నిటికన్నా ముందు ఒక తెల్లటిది చూపించాడు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. సూర్యకాంతం దుర్గాప్రసాద్‌ని లోపల తల పెట్టి చూడమని, బయట నుంచి ఫోను దీపం వేసింది. లోపల వెలుగు కనబడిందా అంటే కనబడిందన్నాడు. "ఎండ లోపలికెళ్తే పాచి పడతాది, ఇది ఒద్దు" అంది. ఇంకోటి నల్లటిది. మూత తీసి వాసన చూసింది. కాలిన తీగ వాసన వేసింది, లోపలి గోడ గరుకుగా తగిలింది. కరిగించిన పాత ప్లాస్టిక్ కలిపారా అని దుకాణదారుని హిందీలో అడిగింది. అతను నవ్వి, మాట మార్చి, లోపలి గదిలోంచి ఇంకోటి దొర్లించుకొచ్చాడు. బయట నలుపు, లోపల తెలుపు, వేలు రాస్తే నున్నగా జారింది. తాగే నీళ్ళకి పనికొస్తుందని ప్రభుత్వం వేసే ముద్ర గోడలోకి అచ్చుపడి ఉందో, పైన కాగితం అతికించారో గోటితో గీకి చూసింది. ముద్ర అచ్చులోనే ఉంది. మూత గట్టిగా బిగుస్తుందో లేదో నాలుగుసార్లు తిప్పి చూసింది.

"అమ్మగారిది టంకీల వ్యాపారమా?" అని దుకాణదారు దుర్గాప్రసాద్‌ని అడిగాడు.

"వ్యాపారం కాదు, పని" అన్నాడాయన.

అది రెండు వేల లీటర్లది. పాతదానిలో సగం కూడా కాదు. దిమ్మె పెద్దదై టంకీ చిన్నదై మొదట్లో కొంచెం వింతగా కనిపించింది. ట్యాంకరు ఇప్పుడు నీళ్ళు దింపేసి పోతోంది, సగం వీధికి సరిపోతున్నాయి, మిగతా సగానికి ఇంకోటి కొనాలని మాటలు నడుస్తున్నాయి. ఆరు నెలలకోసారి సూర్యకాంతం ఆదివారం పూట చీర ఎగదోపుకుని లోపలికి దిగి తోముతుంది. సౌజన్య బయట నుంచి నీళ్ళు అందిస్తుంది. పక్క వీధుల వాళ్ళు కూడా టంకీ కొనే ముందు ఆమె దగ్గరికి వచ్చి అడుగుతున్నారు. ఎంత పెద్దది కావాలో చెప్పబోతే ఆపి, అందులో ఏం పోస్తారో ముందు చెప్పమంటుంది.

నూకాలమ్మ మనవడికి రెండేళ్ళు నిండాయి. ఆమె ఇప్పటికీ సూర్యకాంతంతో మాట్లాడదు. పిల్లవాడు మాత్రం టంకీ దగ్గరికి వచ్చి, కుళాయి కింద చేతులు పెట్టి నిలబడతాడు. సూర్యకాంతం అక్కడ ఉంటే తిప్పి ఇస్తుంది. గుమ్మంలోంచి నూకాలమ్మ చూస్తూ ఉంటుంది, వాణ్ణి వెనక్కి పిలవదు.